కిటికీ బల్ల మీది ఎడమ ముడి

"ఏట్లో పారేసి వస్తా. ట్రే ఇట్లియ్యి."

"ఇయ్యను. రాగి తీగక్కా ఇది. పారేసేదానికి నీకేమన్నా పిచ్చి పట్టినాదా?"

"పిచ్చి గాదు మే. అది బతికినోళ్లు వాడే సరుకు గాదు. ఎవురి సొత్తు వాళ్లకు పోనీ."

"ఎవురి సొత్తు? సారు సొత్తు. విప్పితే తీగ పనికొస్తాది, పిన్నులు పనికొస్తాయి, దారం గూడా పనికొస్తాది."

"దారం మాత్రం ముట్టుకోబాక. నీకు పిల్లోళ్లుండారు."

ఆ చివరి మాట ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా జవాబు చెప్పేదాన్ని. ట్రే ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఆమె చేతిలో. మధ్యలో తెల్లటి ప్లాస్టిక్ తలలున్న కేబుళ్లు చచ్చిన కొర్రమీనుల్లా పడి ఉన్నాయి. మిగతా ఆడవాళ్లు తలలు వంచుకుని పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. నేను గుంజితే ట్రే నాకే వచ్చింది. నా బల్ల కింద పెట్టి, పైన గోనెపట్ట కప్పాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కంప్యూటర్ గురించి తెలుసుకుందామని ఇది చదివే పిల్లలకు పెద్దగా దొరికేదేమీ ఉండదని ముందే చెప్పేస్తున్నాను. కానీ మీ కంప్యూటర్లు ఇంత పలచబడక ముందు, వాటి లోపలి డ్రైవులకు కరెంటు అందించే తీగలు కొన్ని ఈ చేతుల మీదుగా వెళ్లాయి. ఆ హక్కుతో రాస్తున్నాను.

ఎనభైల చివర, రేణిగుంటలో రైలు గేటు దాటాక, గోడౌన్ల వరసలో ఒక రేకుల షెడ్డు ఉండేది. అంతకుముందు అందులో వేరుశనక్కాయలు నిల్వ చేసేవాళ్లు. వాన పడితే గోడలు ఇంకా కాయల వాసనే వేసేవి. అందులో మేం కొద్దిమంది ఆడవాళ్లం అడాప్టర్ కేబుళ్లు కట్టేవాళ్లం. కంప్యూటర్ పెట్టెలో కరెంటు తీగ ఒకటే వస్తుంది, లెక్కలు దాచుకునే డ్రైవులు రెండుంటాయి. ఆ ఒక్కదాన్ని రెండుగా చీల్చి రెంటికీ అందించే కేబుల్ అది. తీగ కోసి, కొసలు ఒలిచి, పిన్ను పెట్టి టంకం వేసి, తెల్లటి ప్లాస్టిక్ తలలో నాలుగు చిల్లుల్లోకి తోసి, చివరికి తీగలన్నిటినీ మైనం దారంతో కలిపి ముడులు వేయాలి. పూలు కట్టే ముడే అది. అందుకే షెడ్డు నడిపే సారు మగవాళ్లను పెట్టుకోలేదు.

నాలుగు చిల్లులకు వరస ఒకటుంది. పసుపు, నలుపు, నలుపు, ఎరుపు. మా షెడ్డులో ఎరుపును ఎవరూ ఎరుపు అనేవాళ్లు కాదు, కుంకుమ అనేవాళ్లం. పసుపు తీగలో వచ్చే కరెంటు జోరు ఎక్కువ, కుంకుమ తీగలో తక్కువ. కుంకుమ చోటికి పసుపు వెళితే డ్రైవు లోపలి సన్న సామాను తాళలేదు, కాలిపోతుంది. ప్లాస్టిక్ తలకు రెండు మూలలు చెక్కి ఉంటాయి కాబట్టి తిరగేసి తగిలించలేరు. అందుకని అందరూ ధైర్యంగా తోసేస్తారు. లోపల తీగలే తిరగబడి ఉంటే ఆ మూలలేం కాపాడతాయి? నా పని ఆఖరి బల్ల. కట్టిన ప్రతి కేబుల్‌నూ డ్రైవులకు వెళ్లే రెండు కొసలా చూసి, ఒక పాత డ్రైవుకు తగిలించి, అది తిరిగితేనే డబ్బాలో వేయాలి. ఆ డ్రైవు ఇటుకరాయంత ఇనుప డబ్బా. కరెంటు అందగానే నిట్టూర్పులా మొదలై సన్నని ఈలగా మారేది. మొదట్లో ఆ చప్పుడుకు నాకు ఒళ్లు జలదరించేది. తర్వాత అలవాటైపోయింది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పిల్ల కూర్చునేది. ఆమె ముడులు మాలో అందరికంటే అందంగా ఉండేవి, కనకాంబరాల దండలా ఒత్తుగా, కుడివైపు తిరిగి. ఇంట్లో తల్లి, చెల్లెలు. ఈ పిల్ల తెచ్చేదే తిండి. ఏర్పేడు వైపు నుంచి పాసింజర్ బండిలో వచ్చేది. మేం పెద్దక్క అని పిలిచే ఆమె కూడా ఆ బండిలోనే, ఆ పక్క సీటులోనే. ఇందాక నాతో ట్రే కోసం కొట్లాడింది ఈ పెద్దక్కే. ఆమెకు పిల్లల్లేరు. ఈ పిల్లకు పని నేర్పింది, సంగటి ముద్దలో సగం పెట్టింది, తల దువ్వింది. ఇంత గారాబం పనిచోట మంచిది కాదని నేను ఒకసారి అన్నాను కూడా.

ఒక సాయంత్రం ఆ పిల్ల కళ్లు పచ్చగా కనిపించాయి. కామెర్లు, ఇంటికి పొమ్మన్నాను. ఆమె ట్రేలో కేబుళ్లు సగం సగం తయారై ఉన్నాయి. ఒక కొస పూర్తయింది, రెండో కొస మిగిలింది.

"ఇది ఎవురూ ముట్టుకోబాకండి. రేపొచ్చి నేనే కట్టేస్తా" అని, పనిలో వేసుకునే నీలం కోటు మేకుకు తగిలించి వెళ్లింది.

ఆ రేపు రాలేదు. పసరు పోయించారు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికి ఆలస్యమైపోయింది. దినం అయ్యాక సారు వాళ్లింటికి వెళ్లి, ఆ కుర్చీ చెల్లెలికే ఇస్తానని తల్లికి మాటిచ్చి వచ్చాడు.

ట్రే మాత్రం అలాగే ఉంది. చచ్చిపోయిన మనిషి మాట కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా.

తర్వాత ఒక ఉదయం నేను షెడ్డు తాళం తీసి లోపలికి అడుగు పెడితే గుగ్గిలం వాసన వచ్చింది. టంకం వేసేటప్పుడు మేం వాడేది గుగ్గిలమే, ఆ వాసన షెడ్డుకు కొత్త కాదు. కానీ రాత్రంతా మూసి ఉన్న షెడ్డులో నిన్నటి వాసన చప్పగా ఉంటుంది. ఇది తాజాగా, పొగలా ఉంది. కిటికీ బల్ల దగ్గరికి వెళ్లి టంకం వేసే ఐరన్ ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ట్రేలో ఒక కేబుల్ పూర్తయి ఉంది.

మరుసటి రోజు ఇంకొకటి. ఆ మరుసటి రోజు మరొకటి.

మాలో ఒకామె ఇంటి నుంచి నిమ్మకాయ తెచ్చి కిటికీకి కట్టింది. ఇంకొకామె ఆ బల్ల ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లేది. పెద్దక్క మాత్రం రోజూలాగే వెనక తలుపు తీసుకుని బావికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చి, షెడ్డు ఊడ్చేది.

"దెయ్యాలకు కరెంటు బిల్లు ఎవురు కట్టాల? ఎవురో ఎకసక్కాలాడతావుండారు" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

ఒక కేబుల్ చేతిలోకి తీసుకుని చూశాను. అదే ముడి, అదే ఒత్తు. కానీ ఎడమవైపు తిరిగి ఉంది. ఆ పిల్ల అలా ఎప్పుడూ వేయలేదు. మా ఇళ్లల్లో ఎవరూ వేయరు. ఎడమ చేత్తో ఎడమ పురి తిప్పే తాడును నా జీవితంలో ఒక్క పనికే వాడగా చూశాను. పాడె కట్టడానికి. కేబుల్‌ను తిరిగి ట్రేలో పెట్టి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకున్నాను.

ఇంకొక సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఆ ఉదయాల్లో నా బల్ల మీది పాత డ్రైవు మీద కూడా చెయ్యి పెట్టి చూసేదాన్ని. అది కూడా వెచ్చగా ఉండేది. జ్వరం తగ్గుముఖం పట్టిన పిల్ల నుదురులా.

ట్రేలో సగం సరుకు పూర్తయిన రోజునే పెద్దక్కకూ నాకూ మొదట చెప్పిన ఆ పోట్లాట జరిగింది. నా ఉద్దేశం సూటిది. ఆ కేబుళ్లు విప్పేసి, తీగా పిన్నులూ మళ్లీ వాడాలి. భయం భయమే, రాగి రాగే. పరీక్ష చేయనివి కాబట్టి అవి అమ్మకానికి పనికిరావని నాకూ తెలుసు, అందుకే బల్ల కింద దాచాను.

మధ్యాహ్నం నేను బావి దగ్గర సద్ది గిన్నె కడుక్కుంటుండగా తిరుపతి నుంచి జీపు వచ్చింది. మా కేబుళ్లు కొనేది అక్కడి ఒక ఆఫీసు. కంప్యూటర్‌కు ఇంకో డ్రైవు బిగిస్తున్నారట, కేబుల్ వెంటనే కావాలన్నారు. డబ్బాలో సరుకు తక్కువైంది. సారు నా బల్ల కింద గోనెపట్ట ఎత్తి చూసి, అక్కడున్నవి కూడా కలిపి ఇచ్చి పంపాడు. నేను వచ్చేసరికి ట్రేలో సగం తయారైనవి మాత్రమే మిగిలాయి.

"అవి పరీక్షకు పెట్టినవి గాదు సారూ."

"ముడి సూస్తే తెలస్తాది గదమ్మా ఎవురు కట్టినారో. ఆ పిల్ల కట్టింది ఎప్పుడన్నా తప్పిందా?"

సాయంత్రం కాకముందే జీపు మళ్లీ వచ్చింది. ఈసారి సారుతోపాటు నన్ను కూడా ఎక్కించుకుంది.

ఆ రోజుల్లో కంప్యూటర్ గదికి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. లోపల గుళ్లో కంటే చలి. కింద నేల వణుకుతున్నట్టు ఒక హోరు. అక్కడి ఇంజనీరు కుర్రవాడేం కాదు, నెమ్మదస్తుడు. మమ్మల్ని తిట్టలేదు. మూత తీసిన పెట్టె చూపించాడు. కొత్త డ్రైవు అంచున నల్లగా మసి. పసుపు కొమ్ము కాలినట్టు వాసన.

"స్విచ్ వేశాను. నిట్టూర్చినట్టు ఒక్క చుట్టు తిరిగింది. తర్వాత పొగ వచ్చింది. ఇంకాసేపు ఆగి ఉంటే పక్కనున్న పాత డ్రైవు కూడా పోయేది. మా లెక్కలన్నీ దాంట్లోనే ఉన్నాయి" అన్నాడు.

కేబుల్ చేతికిచ్చాడు. ఒక కొస చూశాను. పసుపు, నలుపు, నలుపు, కుంకుమ. రెండో కొస చూశాను. కుంకుమ, నలుపు, నలుపు, పసుపు. ముడి ఎడమది.

పిల్లలూ, మీరు ఇప్పుడు ఏ అడాప్టర్ తగిలించినా ముందు స్విచ్ తీయండి. రెండు కొసలూ చూడండి. ఒక కొస సరిగా ఉంది కాబట్టి రెండోది కూడా అలాగే ఉంటుందని అనుకోవద్దు. మూల సరిపోయింది కదా అని తోసేయకండి. తీగ విషయంలో ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

తిరుగు దారిలో రేణిగుంట దగ్గరపడ్డాక సారు అన్నాడు.

"పొయ్యే పిల్ల పోతా పోతా నా కొంప ముంచిపోయింది. కళ్లు కనపడక కట్టినట్టుండాది. చెల్లెలు రేపు పనికొస్తానన్నింది గదా. వద్దని చెప్పి పంపించేయి. ఆ ఇంటి చెయ్యి నాకొద్దు."

"ఆ పిల్ల ముడి కుడిది సారూ. ఇది ఎడమది."

"ముడి నేను సూడనా? ట్రే ఎవురిది? ఆ పిల్లదే గదా. రేపు పొద్దున నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

పాపం ఆయన మెత్తని మనిషి. మెత్తని మనుషులు చెయ్యలేని పనులన్నీ నాలాంటి గట్టి మనుషులకే వస్తాయి. ఇంట్లో సంపాదించే పిల్లను మట్టిలో పెట్టి నెల తిరగని తల్లికి, రెండో పిల్లను కూడా గుమ్మంలోంచే వెనక్కి పంపానని నేను కబురు చెయ్యాలి. అది కూడా ఆ పిల్ల చెయ్యని తప్పుకు. ఎవరు చేశారో తెలియనిదే దాన్ని తప్పించలేను.

మా ఇల్లు తిరుపతిలో. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే అక్కడ మొదటి బస్సు ఎక్కాను. టికెట్టు దండగని ఎప్పుడూ ఆ బస్సు ఎక్కేదాన్ని కాదు, రోజూ సర్వీసు ఆటోలో ఇరుక్కుని వెళ్లేదాన్ని. రేణిగుంటలో దిగేసరికి ఆకాశం తెలుపెక్కుతోంది. పాసింజర్ అప్పుడే వచ్చి వెళ్లినట్టుంది, గేటు తీసి ఉంది. గోడౌన్ల మధ్య సందులోకి తిరిగాను. ముందు తలుపుకు నేను వేసిన తాళం అలాగే ఉంది.

కిటికీలో వెలుతురు ఉంది.

గోడ పట్టుకుని నడిచాను. కిటికీ ఊచల్లోంచి చూశాను. ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఉంది. నావైపు వీపు. ఒంటి మీద ఆ నీలం కోటు. తల మీంచి కొంగు కప్పి ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎడమచెయ్యి ఒక్కటే కదులుతోంది. దారం తిరుగుతోంది, ముడి పడుతోంది, మళ్లీ తిరుగుతోంది. గుగ్గిలం పొగ ఆమె తల మీదుగా పైకి లేస్తోంది. పెదవుల మధ్య ఏదో గొణుగుడు. జోలపాట లాంటిది.

ఆ పిల్ల పేరే నాలుక చివరికి వచ్చింది. పిలవలేదు. పిలిస్తే తిరిగి చూస్తుందేమో అని.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దారం కొరకడానికి ఆమె తల వంచింది. కొంగు జారింది. నెరిసిన జుట్టు ముడి కనపడింది.

"అక్కా" అన్నాను.

పెద్దక్క ఉలిక్కిపడలేదు. నేను వస్తానని ఎదురు చూస్తున్నట్టే తిరిగింది. చేతిలో దారం విడవలేదు.

"ఇంగ రెండే ఉండాయి మే. కట్టేస్తే అయిపోతాది."

"లోపలికి ఎట్లొచ్చినావు?"

"వెనక తలుపు. సాయంత్రం గడియ పెట్టేది నేనే గదా. పెట్టకుండా ఒదిలేసినా."

అవును. సాయంత్రం ఊడ్చి ఆ గడియ పెట్టేది ఆమే, ఉదయం నీళ్లకని ఆ తలుపు తీసేదీ ఆమే. ఇన్ని రోజులూ మా అందరి కళ్లూ ముందు తాళం మీదే ఉన్నాయి.

"ఎందుకక్కా?"

"రేపొచ్చి కట్టేస్తా అనింది గదా. కట్టకుండా పోయినాది. చెప్పిన పని సగంలో ఉంటే ఆ పిల్లకు దోవ దొరకతాదా? ఎవురో ఒకరు ముగించాల. పోయినోళ్ల పని మనం మామూలుగా చెయ్యకూడదు. తిరగేసి చెయ్యాల. ఎడమచేత్తో, ఎడమ పురి. పసుపు ముందు రాకూడదు, కడకు రావాల."

అంతే. ఏ దయ్యమూ అంత శ్రద్ధగా కేబుల్ తిరగేసి ఉండదు.

"నిన్న ఆ కేబులు ఒక డ్రైవును కాల్చింది, నీకు తెలుసా?"

"అందుకే గదమ్మా ఏట్లో కలిపేస్తానన్నింది. నువ్వియ్యలా."

ఊచల మధ్య చెయ్యి పెట్టి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "సారు ఆ తప్పును ఆ పిల్ల మీద ఏస్తావుండాడు. ఈ పొద్దు చెల్లెలొస్తాది. నేను వెనక్కి పంపాల."

పెద్దక్క ముఖం అప్పుడు మారింది.

"నువ్వు సారుతో చెప్పబాక. నన్ను తరిమేస్తాడు" అంది మొదట.

"నేను చెప్పను. నువ్వే చెప్పల్ల."

నేను ఓదార్చే మనిషిని కాను. ముందు తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, నా బల్ల దగ్గర కూర్చున్నాను. పాత డ్రైవు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"దీన్ని ఎందుకు తిప్పినావు?" అని అడిగాను.

"నేను ఐరను తప్ప ఇంగేమీ ముట్టుకోలా. దానికి తగిలించేది నాకు రాదు గదా" అంది.

నిజమే, ఆమెకు రాదు. ఈ మాటకు అర్థం చెప్పమని నన్నడగకండి. నా అరచేతికి తెలిసింది రాశాను.

పని మొదలయ్యే వేళకు చెల్లెలు వచ్చింది. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. చేతిలో అక్క సద్ది గిన్నె. గుమ్మంలో నిలబడి చెప్పులు ఎక్కడ విడవాలో చూస్తోంది. సారు కూడా వచ్చాడు. నావైపు చూసి, వెంటనే చూపు రేకుల మీదికి తిప్పుకున్నాడు. నేను లేవలేదు.

పెద్దక్క లేచింది. కోటు విప్పలేదు. అందరి ముందూ వెళ్లి కిటికీ బల్ల దగ్గర కూర్చుంది.

"సారూ, ఇట్ల సూడండి" అంది. మిగిలిన కేబుల్ ఒకటి తీసుకుని, కళ్లు మూసుకుని, ఎడమచేత్తో ముడి వేయడం మొదలుపెట్టింది. మైనం దారం వేలి మీద జారే శబ్దం వినపడింది. వేసింది, బిగించింది, సారు చేతిలో పెట్టింది.

సారు దాన్ని వేలితో తడిమాడు. ఆయనది కూడా ఈ నేలే. వాళ్ల నాయన పాడె కట్టినప్పుడు ఆ తాడు పట్టుకున్న చెయ్యే కదా అది. ఆయన ముఖం బూడిదలా అయిపోయింది. అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

"ఇవన్నీ నువ్వేనా?"

"నేనే. ఆ పిల్ల కట్టిన కొస ఒక్కటీ తప్పు లేదు. నా కొసే తప్పు. ఆ పిల్లను ఏమీ అనబాకండి."

సారు ఆ కేబుల్‌ను బల్ల మీద ఎంతో నెమ్మదిగా పెట్టాడు, పడితే పగిలిపోయే దానిలా.

"ఇంగ నువ్వు తీగ ముట్టబాకమ్మా. ఊడ్చే పని, నీళ్ల పని చేసుకో. వెనక గడియ ఈమె పెడతాది" అని నన్ను చూపించాడు. తర్వాత గుమ్మంవైపు తిరిగి, "నువ్వు రేపటినుంచి రామ్మా. ఈ పొద్దు వద్దు" అన్నాడు.

ఆ రోజు ఎవరూ పెద్దగా పని చేయలేదు. తిరుపతికి పంపినవాటిలో మిగిలిన తిరగేసిన కేబుళ్లన్నీ తెప్పించారు. సాయంత్రం నేను ఆ ట్రే తీసి పెద్దక్క చేతిలో పెట్టాను. రాగితో సహా. ఆమె నావైపు ఒకసారి చూసి, కొంగులో మూట కట్టుకుని ఏటివైపు నడిచింది. అప్పుడు ఏట్లో నీళ్లు లేవు, ఇసుకే. ఎక్కడ పూడ్చిందో నేను అడగలేదు. అంత సరుకును చేతులారా వదిలిపెట్టడం నా ఉద్యోగంలో అదొక్కసారే. వెనక గడియ నేనే పెట్టి, రెండుసార్లు గుంజి చూసి, ముందు తాళం వేసుకుని ఇంటికి వెళ్లాను.

మరుసటి ఉదయం నేను తాళం తీశాను. గడియ పెట్టినట్టే ఉంది. గుగ్గిలం వాసన నిన్నటిది. కిటికీ బల్ల మీది ఐరన్ చల్లగా ఉంది. డ్రైవు మీద చెయ్యి పెట్టి చూశాను, అది కూడా చల్లగానే ఉంది. పెద్దక్క నీళ్లు తెచ్చి గుమ్మం కడిగింది. చెల్లెలు వచ్చి, అక్క కోటు తొడుక్కుని, ఆ కుర్చీలో కూర్చుంది. నేను ఆమె ముందు కొత్త ట్రే పెట్టాను. ఆమె పసుపు తీగ అందుకోవడానికి ఎడమచెయ్యి చాచింది. ఆమెది ఎడమచేతి వాటం. అందరి చేతులూ ఆగిపోయాయి. పెద్దక్క చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ట్రేను ఆమెకు ఎడమవైపుకు జరిపి, "పసుపుతో మొదలుపెట్టు" అన్నాను. ఆమె మొదలుపెట్టింది.